ఎడమకాలికి పనిలేని కారు

నల్లపాడు: మిర్చి సీజనులో గుంటూరు–నరసరావుపేట రోడ్డు మీద కారు నడపటం ఎంత యాతనో ఆ దారిన పోయేవారికి వేరే చెప్పనక్కరలేదు. యార్డు దాపుల్లో టిక్కీలు వేసుకొచ్చిన లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. నాలుగు గజాలు కదలటం, ఆగటం, మళ్ళీ కదలటం. ఘాటుకు తుమ్ములు సరేసరి. కదిలినప్పుడల్లా ఎడమకాలు క్లచ్ తొక్కాలి, ఎడమచెయ్యి గేరు వెయ్యాలి. అలా గంటసేపు తొక్కితే పడుచువాళ్ళకే పిక్కలు పట్టేస్తాయి.

నల్లపాడు 2012లో గుంటూరు కార్పొరేషనులో కలిసింది గాని ఇంకా ఊరి వాలకం పోలేదు. ఇక్కడ ఒక మిర్చి రైతు ఉన్నారు. పేరు రాయవద్దన్నారు. అరవై దాటిన ఆయనకు ఎడమ మోకాలి చిప్ప అరిగిపోయింది. ఇంటావిడకు కిడ్నీలు రెండూ పాడై వారానికి మూడు రోజులు గుంటూరులో డయాలసిస్ చేయించాలి. ఒక్కగానొక్క కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. నెల జీతమిచ్చి డ్రైవరును పెట్టుకునే స్తోమతు లేదు. డయాలసిస్ అయి బయటికొచ్చేసరికి ఆమెకు నిలబడే ఓపిక ఉండదు. ఆటో కుదుపులకు కళ్ళు తిరిగి రెండుసార్లు పడిపోబోయారు.

"నేనే నడపాలి, మోకాలేమో ఒప్పుకోదు. అప్పుడు మా మేనల్లుడు వచ్చి, మామయ్యా, క్లచ్ తొక్కనక్కరలేని చిన్నకారు ఉంది, కొనుక్కో అన్నాడు" అని ఆయన ఈ విలేఖరితో చెప్పారు. రెండేళ్ళ క్రితం సెకండ్‌హ్యాండులో కొన్నారు.

ఊళ్ళో చాలామంది దీన్ని క్లచ్ లేని కారు అంటున్నారు. అది పొరపాటు. క్లచ్ ప్లేటు ఉంది. గేరుబాక్సు కూడా మామూలు కారుదే. క్లచ్ పెడలు మాత్రమే లేదు. మన కాలు చేసే పనినీ, చెయ్యి చేసే పనినీ ఒక చిన్న యంత్రం నూనె ఒత్తిడితో చేస్తుంది. కొన్ని బండ్లలో నూనెకు బదులు మోటారు పెట్టారు. ఎప్పుడు ఏ గేరు వెయ్యాలో చిన్న కంప్యూటరు చెబుతుంది. దీన్నే ఏఎంటీ అంటారు. ఖరీదైన కార్లలో వచ్చే పూర్తి ఆటోమేటిక్ వేరు, ఇది వేరు. మామూలు గేరుబాక్సుకే తగిలించారు కనుక చవక.

మన దేశంలో సామాన్యుడు కొనగల ధరకు ఈ సదుపాయం 2014 ఫిబ్రవరిలో మారుతీ సెలేరియోతో వచ్చింది. గేరు వేసే సరంజామా మాగ్నెటీ మరెల్లీ అనే ఇటలీ కంపెనీది. అప్పట్లో మామూలు గేర్ల బండికన్నా సుమారు 40 వేల రూపాయలు మాత్రమే ఎక్కువ ఉండేది. మైలేజీ రెండింటికీ లీటరుకు 23.1 కిలోమీటర్లని అప్పటి కంపెనీ లెక్క. యార్డు ముందు నిలబడితే ఆ లెక్క నిలవదనుకోండి. ఆ ఏడాది చివర ఆల్టో కె10లో, 2015లో నానోలో, 2016లో క్విడ్‌లో కూడా ఈ పద్ధతి పెట్టారు. క్లచ్ తొక్కకుండా గేరు మార్చే ఇటువంటి ఏర్పాటుతోనే 1989లో ఫెరారీ కంపెనీ పందెపు కారు బ్రెజిల్‌లో మొదటి పందెం గెలిచింది. అక్కడ క్షణాల కోసం చేసిన ఏర్పాటు ఇక్కడ మోకాలి నొప్పికి పనికొచ్చింది.

మొదటి వారం రైతుకు చిరాకు పుట్టిందట. ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు ఇంజను లాగుడు ఒక్క క్షణం ఆగి బండి ముందుకు తూలుతుంది. "గంగిరెద్దు తల ఊపినట్టు ఊపుతోంది, నాకు వాంతి వస్తోంది" అని ఇంటావిడ అన్నారు. మేనల్లుడే కిటుకు చెప్పాడు. ఇంజను చప్పుడు పెరిగి గేరు మారబోతోందని తెలియగానే ఎక్సిలేటరు మీద కాలు కొంచెం తేలిక చెయ్యాలి. నెల తిరిగేసరికి ఆ చప్పుడు చెవికి పట్టింది, తూలుడు తగ్గింది. లారీని దాటేటప్పుడు మాత్రం దీన్ని నమ్మి ఒక్కసారిగా తొక్కకూడదు. కింది గేరు పడటానికి కాస్త వ్యవధి పడుతుంది. అందుకని ముందుగానే గేరు కడ్డీని ఎం వైపు తోసి, తానే గేరు తగ్గించుకుని దాటుతున్నారు.

అసలు పాఠం కోటప్పకొండ ఘాట్ రోడ్డులో నేర్చుకున్నారు. కార్తీకమాసం, ముందు కార్ల వరస. ఎక్కుడులో బండి ఆగింది. వెనక్కి పోకుండా ఎక్సిలేటరును కొద్దిగా తొక్కి పట్టి నిలబెట్టారు. ఐదు నిమిషాలకు కాలిన వాసన. కంగారుపడి కాలు తీశారు. బండి వెనక్కి జారింది. వెనక జీపు నిండా పిల్లలు. హ్యాండ్ బ్రేకు లాగితే జానెడు దూరంలో ఆగింది.

బండి అమ్మినవాడు "క్లచ్ బాధ ఉండదు" అన్న మాటను ఈయన "క్లచ్ అరగదు" అని అర్థం చేసుకున్నారు. అమ్మినవాడూ సరిదిద్దలేదు. ఎక్కుడులో ఎక్సిలేటరు మీద నిలబెడితే క్లచ్ ప్లేటు రాసుకుని కాలిపోతుందని ప్లేటు మార్చిన మెకానిక్ చెబితే గాని తెలియలేదు. బిల్లు చూస్తే రెండు బస్తాల మిర్చి కళ్ళముందు కదిలిందన్నారు. ఎక్కుడులో ఆగితే హ్యాండ్ బ్రేకు వెయ్యాలి, కదిలేటప్పుడు బండి లాగుతోందని తెలిశాక వదలాలి. ఈమధ్య వస్తున్న బండ్లలో, 2021లో వచ్చిన కొత్త సెలేరియో ఏఎంటీతో సహా, బ్రేకు వదిలాక ఒకటి రెండు క్షణాలు జారకుండా పట్టే ఏర్పాటు ఉంది. పాతవి కొనేవారు ఆ సంగతి అడిగి కొనాలి.

అన్నిటికన్నా బాధపెట్టింది బ్యాటరీ. నిరుడు ఎండాకాలంలో డయాలసిస్ రోజు పొద్దున ఆరు గంటలకు తాళం తిప్పితే బండి ఉలకలేదు, పలకలేదు. వీధి కుర్రాళ్ళు నలుగురు వచ్చి తోశారు. మామూలు కారయితే తోసి, రెండో గేరులో క్లచ్ వదిలితే అందుకునేది. దీనికి క్లచ్ కదలాలన్నా, గేరు పడాలన్నా కరెంటు కావాలి. ఎంత తోసినా ప్రయోజనం లేదు. ఆటో దొరికి ఆసుపత్రికి చేరేసరికి ఆమె వంతు వేరొకరికి ఇచ్చేశారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. కాళ్ళు వాచి, ఆయాసం మొదలయింది. "ఆ రోజు ఆమె ముఖం చూడలేకపోయాను. మోకాలు నొప్పెట్టినా పాత కారే నయమేమో అనిపించింది" అన్నారు రైతు. ఆ మాట చెబుతుంటే ఆయన గొంతు మారింది.

మరి అమ్మేశారా అంటే లేదు. మర్నాడే కొత్త బ్యాటరీ వేయించారు. పక్కింటి ట్రాక్టరు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే తీగెల జత కొని డిక్కీలో పెట్టారు. ఈ బండికి పూర్తి ఆటోమేటిక్‌లో ఉండే పార్కింగ్ గేరు లేదు గనుక, పల్లంలో ఆపితే గేరులోనే ఇంజను కట్టేసి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రం కింద ఇటుకరాయి పెడుతున్నారు. ఇటుక మోసే పని మనవడిది, సెలవులకు వచ్చినప్పుడు.

ఈ విలేఖరి వెళ్ళిన రోజు కూడా డయాలసిస్ రోజే. ఇంటావిడ వెనకసీటులో దిండు సర్దుకుని కూర్చున్నారు. పెద్దాయన బ్రేకు మీద కాలు వేసి తాళం తిప్పారు. బండి అందుకుంది. "చుట్టుగుంట దాకా ఊపకండి" అన్నారామె. "నేను ఊపుతానా, అది ఊపుతుంది" అన్నారాయన. వరండా గోడకు వేలాడే క్యాలెండరులో వారానికి మూడు ఎర్ర సున్నాలు ఉన్నాయి. దాని పక్కన గోడ మీద సుద్దముక్కతో బ్యాటరీ కొన్న తేదీ రాసి ఉంది.