కౌమారంలో భావగోపనం: 'అవహిత్థ' ఆధారంగా ఒక పరిశీలన

కౌమారంలోని పిల్లలు మనసులోని మాట బయటపెట్టరని తల్లిదండ్రులు, అధ్యాపకులు తరచుగా అంటుంటారు. అయితే దాచుకోవడం కూడా ఒక వ్యక్తీకరణే. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన 33 వ్యభిచారిభావాలలో 'అవహిత్థ' ఒకటి. కలిగిన భావం ఆకారంలో కనిపించకుండా కప్పిపుచ్చుకోవడం దీని లక్షణం. సిగ్గు, భయం, అపజయం, గౌరవం, కపటం మొదలైనవి దీనికి విభావాలు. ఉన్నదొకటైతే మరొకటి చెప్పడం, చూపు తిప్పుకోవడం, మాట మధ్యలో ఆపడం, లేని ధైర్యం నటించడం అనుభావాలు. ఈ జాబితా నాయికానాయకులకు ఎంత వర్తిస్తుందో, పదహారేళ్ల విద్యార్థికీ అంతే వర్తిస్తుంది.

ఈ నేర్పు పుట్టుకతో వచ్చేది కాదు. ఎవరి ముందు ఏ భావాన్ని ఎంతవరకు చూపవచ్చునో నిర్ణయించే సామాజిక కట్టుబాట్లను పాల్ ఎక్మన్, వాలెస్ ఫ్రీసన్ 1969లో 'డిస్‌ప్లే రూల్స్' అన్నారు. కరోలిన్ సార్నీ 1984లో ప్రచురించిన పరిశీలనలో, నచ్చని కానుక అందినప్పుడు చిన్నపిల్లల కంటే పదేళ్ల ప్రాయం వారు, ముఖ్యంగా బాలికలు, నిరాశను చిరునవ్వుతో ఎక్కువగా కప్పిపుచ్చారు. అంటే కౌమారానికి ముందే పునాది పడుతుంది. ఆపైన చూసేవారు పెరుగుతారు. ఇంట్లో ఒక ముఖం, స్నేహితుల మధ్య మరొకటి, అధ్యాపకుని ఎదుట ఇంకొకటి అవసరమవుతాయి. "ఆడపిల్ల అలా పగలబడి నవ్వకూడదు", "మగపిల్లాడివై ఉండి ఏడుస్తావా?" అనే మందలింపులు తెలుగు ఇళ్లలోని డిస్‌ప్లే రూల్సే.

సాత్త్వికభావాలు మాత్రం ఈ శిక్షణకు అంతగా లొంగవు. వసతిగృహం నుంచి ఇంటికి ఫోన్ చేసిన ఇంటర్మీడియట్ విద్యార్థి "బాగానే ఉన్నానమ్మా" అంటాడు. ముఖం కనిపించదు కనుక చూపు తిప్పుకోవలసిన పని లేదు. అయినా గొంతులోని జీర తల్లికి అందుతుంది. మాటలో ఉన్నది అవహిత్థ, గొంతులో ఉన్నది స్వరభేదం.

తరగతి గదిలో చిక్కు ఇంతకంటే పెద్దది. తలవంచుకుని నిలబడిన విద్యార్థిలో అధ్యాపకుడు వినయాన్ని చూస్తాడు. కాని గౌరవం, భయం, అపజయం మూడూ తెలుగునాట తలవంచడంగానే వ్యక్తమవుతాయి. నాటకంలో కథ తెలుసు కనుక ప్రేక్షకుడు విభావాన్ని సులభంగా గుర్తిస్తాడు. అధ్యాపకునికి ఆ వెసులుబాటు లేదు. క్రమశిక్షణగా మెచ్చుకుంటున్న నిశ్శబ్దంలో ఓటమి పాలు ఎంతో ఒక్కరోజు చూపుతో తేలదు. నిన్నటిదాకా కళ్లలోకి చూసి జవాబు చెప్పినవాడు మార్కులు చదివిన నాటినుంచి కిటికీవైపు చూస్తుంటే, గమనించవలసినది ఆ మార్పునే. విడిగా పిలిచి అడిగినా మొదట వచ్చే సమాధానం "ఏం లేదు సార్" అనే. అదీ అవహిత్థకు అనుభావమే.