పందెం జాబితాలో కొట్టేసిన పేరు

చాలా ఏళ్ల కిందట మేము ఒక బడిలో ఉర్దూ చెబుతున్న కాలంలో ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ప్రార్థన గంట వినగానే వీధి చివర నుంచి పరుగెత్తుకొచ్చి, అందరికంటే ముందు వరుసలో నిలబడేది. మండల స్థాయి పరుగు పందాలకు ఆమె పేరు రాశారు. మర్నాడే తండ్రి బడికి వచ్చారు. "మౌల్సాబ్, పిల్ల ఎదిగింది. నలుగురి ముందు మైదానంలో పరుగెడితే లోగ్ క్యా కహేంగే?" అని మా వైపు చూశారు. మేము తలూపాము. పేరు కొట్టేశారు. అదే ఏడాది ఆయన కొడుకు కబడ్డీ జట్టుతో పక్క జిల్లాకు వెళ్లి వచ్చాడు. అప్పుడు లోకం ఏమంటుందని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

2022 మే 19న ఆ సంగతి మళ్లీ మా మనసును కలచివేసింది. ఆ రోజు ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్, 52 కిలోల విభాగం ఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్ జుతామస్ జిట్‌పాంగ్‌ను 5-0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ గెలిచింది. పతకాల లెక్క పాఠకులకు తెలిసిందే. మేము చెప్పదలచుకున్నది ఆ ఇంటి సంగతి.

తండ్రి జమీల్ అహ్మద్‌కు నలుగురూ ఆడపిల్లలే. మన ఊళ్లలో ఎందరో తండ్రుల్లాగే ఆయనా సౌదీలో ఉద్యోగం చేసి వచ్చినవారు. నిఖత్‌ను మొదట పరుగు పందాలకే తీసుకెళ్లారు. మైదానంలో బాక్సింగ్ చేస్తున్నవాళ్లంతా మగపిల్లలే కావడం చూసి, ఆడపిల్లలు ఎందుకు లేరని ఆ పిల్ల అడిగింది. ఆడవాళ్లకు అంత బలం ఉండదని జనం అనుకుంటారని తండ్రి చెప్పారట. మాలాంటి వారైతే అక్కడితో మాట ముగించేవారము. ఆయన మాత్రం కూతురి చేతికి గ్లవ్స్ తొడిగించారు. నిక్కర్లు వేసుకుని ఆడటమేమిటని బంధువులు ఆడిపోసుకున్నారు. ముక్కు మీద దెబ్బతో, రక్తంతో ఇంటికొచ్చిన బిడ్డను చూసి తల్లి ఏడ్చిందట, రేపు పెళ్లెలా అవుతుందని. ఆ తల్లిని మేము తప్పుపట్టం. ఏ తల్లికి లేదా భయం? అయినా బిడ్డను ఆపలేదు. ఆ అమ్మాయి విశాఖపట్నంలో ఐ.వి.రావు గారి దగ్గర శిక్షణ పొంది, 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. అప్పటికి వయసు 14.

తర్వాతి దారి నల్లేరు మీద బండి నడక కాలేదు. 2017లో భుజానికి గాయమై శస్త్రచికిత్స జరిగింది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌నే నేరుగా పంపుతారన్న మాట వచ్చినప్పుడు, ముందు మా ఇద్దరికీ పోటీ పెట్టండని కేంద్ర క్రీడామంత్రికి లేఖ రాసింది. పోటీ పెట్టారు. 1-9తో ఓడిపోయింది. ఆమె గెలిచిన బంగారు పతకాలకంటే మాకు ఈ ఓటమే ఎక్కువ గుర్తుంది. ఆ పిల్ల అడిగింది విజయం కాదు, బరిలోకి దిగే అవకాశం. మన ఇళ్లలో ఆడపిల్లలు అడుగుతున్నదీ అంతే కదా! 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ చేతిలో మళ్లీ ఓటమి ఎదురైంది. ఆ ఏడాదే తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది.

ఇక దీన్ మాట. మహాప్రవక్త (స) ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారని, మొదటిసారి ఆమె గెలిచారని, కొన్నాళ్లకు మరో పందెంలో ఆయన గెలిచి, అది దీనికి చెల్లు అన్నారని హదీసులో ఉంది. మేము మదర్సాలో చదువుకున్న రోజుల్లోనే ఇది చదివాము. ఆ తండ్రి వచ్చి నిలబడిన రోజున మాత్రం నోటికి రాలేదు.

పర్దా విషయంలో మా అభిప్రాయం మాకుంది, దాచుకోము. కానీ దుస్తుల చిక్కు తీరని చిక్కేమీ కాదు. తలకు గుడ్డ కట్టుకుని ఫుట్‌బాల్ ఆడటానికి 2014లో ఫిఫా ఒప్పుకుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఇబ్తిహాజ్ ముహమ్మద్ హిజాబ్‌తోనే కత్తిసాములో అమెరికా జట్టుకు కాంస్యం తెచ్చింది. నిఖత్, సానియా మీర్జా తమ ఆటకు తగ్గ దుస్తులు వేసుకున్నారు. ఏది ఎంచుకోవాలన్నది ఆ అమ్మాయి, ఆ ఇంటివారు కూర్చుని తేల్చుకోదగ్గ మాట. ఆ మాట అడ్డుపెట్టి ఆటే వద్దనడం వేరు.

మొన్నామధ్య బస్టాండులో ఒకామె ఆగి సలామ్ చేసింది. ఆ పరుగుల పిల్లే. పక్కన ఎనిమిదేళ్ల కూతురు, ఒక్క చోట కాలు నిలవకుండా. "మౌల్సాబ్, మన ఊరి మైదానంలో ఆడపిల్లలకు నేర్పేవాళ్లున్నారా? ఏ టైముకి తీసుకురావాలి?" అంది. తెలియదన్నాము. మర్నాడు ఫజర్ నమాజ్ కాగానే వెళ్లి విచారించాము. ఉదయం క్రికెట్ మగపిల్లలకట, సాయంత్రం వాలీబాల్ పెద్దవాళ్లకట. ఆడపిల్లలకు వేళంటూ లేదు. సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా ఒక గంట కేటాయించమని అర్జీ రాశాము. మస్జిద్ కమిటీ పెద్దల సంతకాలకు తిరుగుతున్నాము. ఇప్పటికి ఇద్దరు పెట్టారు.