మొక్కకు పావలా

రాజమహేంద్రవరం దాటి కడియం వైపు వెళితే, కాలువ గట్ల వెంట కడియపులంక, బుర్రిలంకలలో కనుచూపుమేర మొక్కలే. అక్కడే మా బాబాయి ఎకరం నేల కౌలుకు తీసుకుని నలభై వేల సంచులలో మొక్కలు పెంచాడు. 2025 అక్టోబరులో మొంథా తుఫాను వానకు మడులలో నీరు నిలిచింది. మూడు రోజులకు వేళ్ళు కుళ్ళిపోయినాయి.

నష్టం రాసుకోవడానికి ఉద్యోగి ఒకాయన వచ్చారు.

"ఏం పంటండీ?"

"పంట కాదు బాబూ, మొక్కలు."

"అడంగలులో వరి అని ఉందే! పైగా పేరు మీది కాదు."

బాబాయి నా వంక చూశాడు. నేనేం చెప్పగలను?

విచారిస్తే సంగతి తెలిసింది. 2019 నాటి రాష్ట్ర చట్టంలో, కౌలుదారుకు సాగు హక్కు పత్రం రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే నేల చేజారుతుందేమోనని ఆయన భయం!

ఇక సొమ్ము మాట. 2022లో కేంద్రం సవరించిన ప్రమాణాలలో, 33 శాతం, ఆపైన నష్టపోయిన శాశ్వత తోటలకు హెక్టారుకు 22,500 రూపాయలు. అదీ రెండు హెక్టార్ల వరకే. బాబాయి తోటను ఆ పద్దులో వేసినా ఎకరానికి సుమారు 9,100. మొక్కకు పావలా అయినా పడదు! రాష్ట్రం మరికొంత కలిపినా లెక్క ఎకరాలదే.

ఎకరాలతోబాటు మొక్కలనూ లెక్కించాలనీ, పెంచినవాని పేరే రాయాలనీ మా మనవి.

మళ్ళీ వెళ్ళేసరికి బాబాయి కొత్త సంచులలో మట్టి నింపుతున్నాడు.

"పరిహారం వస్తే ఏం చేస్తావు బాబాయ్?"

"ఈ సంచుల అప్పు తీరుస్తానురా!"