పాత కారు మోనోగ్రాం పారేయకండి!

నాన్నగారి అంబాసిడర్, మామగారి ఫియట్, పెదనాన్న నడిపిన జీపు... బండి ఎప్పుడో పాత ఇనుము కింద వెళ్లిపోయి ఉంటుంది. దాని ముందు బిగించిన పేరు మాత్రం ఏ సజ్జ మీదో, ఏ రేకు డబ్బా అడుగునో దొరుకుతుంది. స్పేర్ పార్టుల షాపుల్లో దాన్నే 'మోనోగ్రాం' అంటారు. దుమ్మూ తుప్పూ చూసి 'ఇదెందుకులే' అనుకోకండి. రెండు మధ్యాహ్నాలు కేటాయిస్తే చాలు, ముందుగదిలో గోడ మీద ముచ్చటగా అమరుతుంది. అయితే ఒక్క మాట. దాన్ని కొత్తదానిలా తళతళలాడించాలని చూస్తే ఉన్నది కాస్తా పాడవుతుంది. మిగిలినదాన్ని నిలుపుకోవడమే ఇక్కడ అసలు పని.

ఎందుకంటారా? ఉత్తరపారాలో 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అంత దూరం ఎందుకు, జోగిపేట వాళ్లకి బాగా తెలిసిన జహీరాబాద్‌లోనే 1980లలో ఆల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యేవి. 1989లో ఆ కంపెనీ మహీంద్రా చేతికి వెళ్లింది. ఇప్పుడు ఆ పేరుతో బండి రాదు. బజార్లో నకలు మోనోగ్రాం దొరికినా, మీ ఇంటి బండి మీద తిరిగింది అది కాదు కదా!

బండి ఇంకా షెడ్డులోనే ఉందా? అయితే మోనోగ్రాం ఊడదీయకండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండిని 'వింటేజ్'గా నమోదు చేయించుకోవచ్చు. అందుకు బండి అసలు రూపంలో ఉండాలి.

ముందు అదేమిటో తెలుసుకోండి

మోనోగ్రాం వెనక వైపు చూడండి. పసుపుపచ్చగా కనిపిస్తే ఇత్తడి. బూడిద రంగులో, చేతికి బరువుగా ఉండి అయస్కాంతం అంటకపోతే చాలామటుకు జింకు మిశ్రమం. అయస్కాంతం అంటుకుంటే ఇనప రేకు. తేలిగ్గా ఉండి, గోటితో కొడితే మొద్దు చప్పుడు వస్తే ప్లాస్టిక్ మీద మెరుపు పూత. ఏది దేనికి పనికొస్తుందో దీన్ని బట్టే ఉంటుంది.

కావలసినవి

గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రావణం నాలుగు చుక్కలు, మెత్తబడిన పాత టూత్‌బ్రష్, నూలు గుడ్డ, దూది, టూత్‌పిక్కులు, ఎనామిల్ రంగు చిన్న డబ్బా, సన్నని కుంచె, కారుకి పూసే మైనం పాలిష్, ఒక చెక్క పలక. జోగిపేటలో దొరకనిదంటూ ఇందులో ఏదీ లేదు.

శుభ్రం చేసే విధానం

దసరాకి ఆయుధపూజ చేసిన ప్రతిసారీ పెట్టిన పసుపూ కుంకుమా అక్షరాల సందుల్లో గట్టిపడి ఉంటాయి. గీకకండి. తడి దూది పావుగంట వేసి ఉంచితే నానుతుంది. అప్పుడు టూత్‌పిక్కుతో మెల్లగా తీయండి. తర్వాత సబ్బు నీళ్లతో బ్రష్ చేసి, కడిగి, వెంటనే తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

ఇత్తడి బిందెలు చింతపండుతో తోమే అలవాటు మనందరికీ ఉన్నదే. ఇక్కడ మాత్రం ఆ పని వద్దు. జింకు మిశ్రమం మీద క్రోమ్ పూత చాలా పలచన. దానిలోని సూదిమొన లాంటి చిల్లుల్లోంచి పులుపు లోపలికి దిగి లోహాన్ని తినేస్తుంది. పైన బుడిపెలు, తెల్లని పొడి కనిపిస్తే లోపల తినడం మొదలైందన్నమాటే. నిమ్మకాయ, వెనిగర్, బాత్‌రూం యాసిడ్, స్టీలు పీచు - ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. ఇనప రేకు మీద క్రోమ్‌కి తుప్పు చుక్కలుంటే, అల్యూమినియం ఫాయిల్‌ని ఉండ చేసి నీళ్లలో ముంచి తేలిగ్గా రుద్దండి. పాత రంగు రాలుతుంటే పొడిగా ఉప్పు కాగితం పెట్టకండి. ఆ రోజుల రంగుల్లో సీసం ఉండవచ్చు. ఆ దుమ్ము పిల్లలకు మంచిది కాదు.

రంగు పోయిన అక్షరాలకు

పల్లంగా ఉన్న చోట కుంచెతో ఎనామిల్ రంగు నింపండి. అంచులకి అంటినది తడి ఆరకముందే, టర్పెంటైన్ చుక్క వేసిన గుడ్డతో తుడిచేయండి. ప్లాస్టిక్ మోనోగ్రాం మీద టర్పెంటైన్ వాడొద్దు. ఒకరోజు ఆరాక మైనం పాలిష్ పలచగా పూయండి.

క్రోమ్ పూతే ఊడిపోతే?

అలాగే ఉంచేయండి. ఇంట్లో బ్యాటరీ, యాసిడ్ పెట్టి పూత వేసే ప్రయత్నాలు బొత్తిగా వద్దు. క్రోమిక్ యాసిడ్‌లో ఉండే రకం క్రోమియం కేన్సర్ తెస్తుంది. ఆ నీళ్లు మోరీలో పోస్తే ఎక్కడికి పోతాయో మన ప్రాంతం వాళ్లకి ఒకరు చెప్పాలా? పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి మంజీరకు చేరుతోందని 1990లోనే సుప్రీంకోర్టుకు పిటిషన్ వెళ్లింది. తప్పనిసరిగా పూత కావాలంటే, మురుగు నీళ్లు శుద్ధి చేసే ఏర్పాటున్న ప్లేటింగ్ వర్క్‌షాపుకే ఇవ్వండి.

పలకకు బిగించడం

చాలా మోనోగ్రాంలకు వెనక చిన్న కాడలుంటాయి. మడత పెట్టిన తువ్వాలు మీద కాగితం పరిచి, దానిపై మోనోగ్రాం ఉంచి సమానంగా నొక్కండి. కాడలు కాగితానికి చిల్లులు చేస్తాయి. అదే మీ కొలత. కాగితాన్ని పలక మీద అతికించి, కాడల కన్నా కాస్త పెద్ద బెజ్జాలు వడ్రంగితో వేయించండి. బెజ్జాలయ్యాక పలకకు వార్నిష్ వేసి, వారం రోజులు ఆరనివ్వండి. వాసన పూర్తిగా పోవాలి. బెజ్జంలో సిలికాన్ జిగురు చుక్క వేసి కాడలు దూర్చి, ఒకరోజు కదపకుండా ఉంచండి.

కాడ విరిగిపోయిందా? టంకం పెట్టించకండి. జింకు మిశ్రమం 380 డిగ్రీల సుమారులోనే కరిగిపోతుంది. వెనక సిలికాన్ జిగురే చాలు. రేపు తీయాలన్నా దారం లాగి కోసి తీయవచ్చు. బాగా గట్టిపడే రెండు ట్యూబుల జిగురు అయితే ఆ వీలుండదు. వంటింట్లో, బాత్‌రూం గోడకు మాత్రం తగిలించకండి. ఆవిరికి మళ్లీ మొదటికొస్తుంది.

ఇక చివరి పని, మరచిపోకండేం! పలక వెనక ఒక కాగితం అంటించండి. బండి నంబరు, ఎవరు కొన్నారు, ఎంతకి కొన్నారు, ఎవరి పెళ్లికి పూలు కట్టారు, ఏ ఏడు అమ్మేశారు - అన్నీ రాయండి. పేరు చూస్తే బండి ఏదో తెలుస్తుంది గానీ, అది ఎవరిదో తెలియదు. ఆ సంగతి చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి రాసుకోండి.