వెక్కిరించిన పాటనే పేరుగా పెట్టుకున్నారు

తెలుగు సినిమాలో సాయిబు పాత్ర వచ్చిందంటే 'నంకి, నిమ్కి' యాస, వెంటనే హాల్లో నవ్వులు. మనమూ నవ్వేస్తాం, కానీ లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. బ్రిటన్‌లో పెరిగిన భారతీయ కుటుంబాల పిల్లలకూ ఇదే అనుభవం.

1960లో వచ్చిన 'ది మిలియనీరెస్' సినిమాలో అహ్మద్ కబీర్ అనే భారతీయ డాక్టరుగా వేసింది పీటర్ సెల్లర్స్ అనే తెల్ల నటుడు. ముఖానికి రంగు, నోట్లో 'ఇండియన్' యాస. సోఫియా లోరెన్‌తో ఆయన పాడిన 'గుడ్‌నెస్ గ్రేషస్ మీ' పాట అప్పట్లో పెద్ద హిట్. మనవాళ్లను ఏడిపించడానికి ఆ యాస ఏళ్ల తరబడి పనికొచ్చింది.

సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్, కుల్విందర్ ఘిర్, నీనా వాడియా తమ హాస్య కార్యక్రమానికి సరిగ్గా ఆ పాట పేరే పెట్టుకున్నారు. భాస్కర్ అంతకుముందు ఐబీఎంలో మార్కెటింగ్ ఉద్యోగి (బీకాం చదివిన నాకు ఇక్కడ కాస్త ఆశ పుట్టింది లెండి). 1996లో బీబీసీ రేడియో 4లో మొదలై, 1998లో బీబీసీ టూ టీవీకి వచ్చింది. టైటిల్ సంగీతం అదే పాట, కాకపోతే భాంగ్రా దరువుతో.

అందరూ చెప్పుకునే స్కెచ్ ఒకటుంది. ఇంగ్లండ్‌లో శుక్రవారం రాత్రి తాగొచ్చి, ఇండియన్ హోటల్లో కారం ఎక్కువున్నది తెమ్మని గొప్పలు పోయి, వెయిటర్ పేరును ఖూనీ చేయడం తెల్లవాళ్లకు అలవాటే. వీళ్లు దాన్ని తిరగేశారు. బొంబాయిలో మనవాళ్ల గుంపు 'ఇంగ్లిష్' తినడానికి పోతుంది. తెల్ల వెయిటర్ పేరు పలకడం రాదు. మెనూలో అన్నిటికన్నా చప్పటిది ఏదో అది తెమ్మంటారు! ఒక్క ముక్క ఉపన్యాసం లేదు, కానీ చూసిన తెల్లవాళ్లకు తమ మొహమే కనిపించింది.

నాకు ఇంకా నచ్చింది వేరే. వాళ్లు సొంతవాళ్లనూ వదల్లేదు. లోకంలో ఏదైనా ఇండియాదేనని వాదించే నాన్న, హోటల్‌కెళ్తే 'ఇది ఇంట్లో పైసా ఖర్చు లేకుండా చేస్తాను, ఒక చిన్న వంకాయ చాలు' అనే అమ్మ. మా అమ్మీ బిర్యానీ బిల్లు చూసి అనేదీ దాదాపు ఇదే.

2001లో సీరియల్ ఆగింది. 2014లో, బీబీసీ టూకు 50 ఏళ్లైనప్పుడు, ప్రత్యేక ఎపిసోడ్ కోసం మళ్లీ కలిశారు. నీనా వాడియా 2007 నుంచి 'ఈస్ట్‌ఎండర్స్' సీరియల్‌లో జైనబ్ మసూద్‌గా బ్రిటన్ ఇళ్లన్నిటికీ తెలిసింది. ఈసారి ముస్లిం పాత్రకు రంగు పూయాల్సిన పని పడలేదు.