ఇంటి ఇంధన పొదుపుకు పన్ను రాయితీ: అమెరికా అనుభవం

ఇంటి పైకప్పు కింద, వేడినీ చలినీ ఆపే ఇన్సులేషన్ పరిపించుకున్న వారికి ప్రభుత్వం పన్నులో కొంత వదిలిపెట్టడం అమెరికాలో కొత్త సంగతి కాదు. చమురు సంక్షోభపు రోజుల్లో, జిమ్మీ కార్టర్ అధ్యక్షుడిగా ఉండగా 1978లో చేసిన చట్టం అలాంటి పనులకయ్యే ఖర్చులో మొదటి 2,000 డాలర్ల మీద 15 శాతం రాయితీ ఇచ్చింది. 1985తో అది ముగిసిపోగా, 2005 నాటి ఇంధన విధాన చట్టం ఆ ఆలోచనను మళ్లీ ముందుకు తెచ్చింది. అక్కడి ఇళ్లు వాడే ఇంధనంలో దాదాపు సగం గదులను వెచ్చబరచడానికీ చల్లబరచడానికీ ఖర్చవుతుంది కనుక, పొదుపు ఇంటి గోడల దగ్గరే మొదలు కావాలన్నది ఈ విధానానికి మూలం.

ఈ రాయితీని ట్యాక్స్ క్రెడిట్ అంటారు. మినహాయింపు పన్ను వేయదగిన ఆదాయాన్ని తగ్గిస్తే, క్రెడిట్ లెక్క తేలిన పన్నునే తగ్గిస్తుంది. అందువల్ల 22 శాతం శ్లాబులో ఉన్న వ్యక్తికి 1,000 డాలర్ల మినహాయింపుతో 220 డాలర్లే మిగిలితే, అంతే మొత్తం క్రెడిట్‌తో 1,000 డాలర్లూ మిగులుతాయి.

2022 ఆగస్టులో వచ్చిన ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం 2023 నుంచి ఈ క్రెడిట్‌ను ఖర్చులో 30 శాతానికి పెంచి, ఏడాదికి 1,200 డాలర్ల గరిష్ఠ పరిమితి పెట్టింది. అందులో కిటికీలకు 600, తలుపులకు 500, ఇల్లు ఎక్కడ ఇంధనాన్ని వృథా చేస్తోందో నిపుణులు పరీక్షించి చెప్పే ఎనర్జీ ఆడిట్‌కు 150 డాలర్లు మించకూడదని నిర్దేశించింది. చలికాలంలో బయటి గాలిలోని వేడిని లోపలికి, వేసవిలో లోపలి వేడిని బయటికి చేరవేసే హీట్ పంపుకు మాత్రం వేరుగా 2,000 డాలర్ల వరకు అనుమతించింది. సౌర ఫలకాలకు వర్తించిన మరో క్రెడిట్‌కు ఇలాంటి డాలర్ల పరిమితే ఉండేది కాదు. 2023 సంవత్సరానికి ఈ రెండు క్రెడిట్‌లూ కలిపి సుమారు 34 లక్షల కుటుంబాలు 840 కోట్ల డాలర్లకు పైగా ప్రయోజనం పొందాయి.

అయితే కట్టవలసిన పన్ను ఉన్నవారికే ఈ క్రెడిట్ ఉపయోగపడేది. ఒక కుటుంబం 9,000 డాలర్లతో హీట్ పంపు పెట్టించుకుందనుకుంటే, 30 శాతం లెక్కన 2,700 డాలర్లు రావలసి ఉండేది. పరిమితి వల్ల అది 2,000కు తగ్గేది. ఆ ఏటి పన్ను 900 డాలర్లే అయితే అంతవరకే లాభం దక్కి, మిగిలిన 1,100 చేతికి రాకుండా, మరుసటి ఏటికి బదిలీ కాకుండా రద్దయిపోయేది. కరెంటు బిల్లు ఎక్కువ బరువయ్యే అల్పాదాయ కుటుంబానికే రాయితీ తక్కువగా అందడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం. 2022 చట్టమే రాష్ట్రాల ద్వారా, పన్నుతో ముడిపడని రిబేట్లు ఇవ్వడానికి 880 కోట్ల డాలర్లు కేటాయించి ఆ లోపాన్ని కొంత పూడ్చింది.

2025 జూలై 4న అమలులోకి వచ్చిన కొత్త చట్టం ఈ రెండు క్రెడిట్‌లనూ 2025 డిసెంబరు 31తో ముగించింది. ఆలోగా పని పూర్తిచేయించుకున్నవారు, వారిలో అక్కడ సొంత ఇళ్లున్న తెలుగువారు కూడా, ఆ ఏటి రిటర్నుతో 5695 నంబరు ఫారం జతచేసి, బిల్లులు భద్రపరచుకోవడం అవసరం.

భారతదేశంలో 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మరో మార్గం ఎంచుకుంది. మూడు కిలోవాట్ల సౌర విద్యుత్ ఏర్పాటుకు 78,000 రూపాయల సబ్సిడీ, ఆ కుటుంబం ఆదాయపు పన్ను కడుతోందా లేదా అన్నదానితో పని లేకుండా, బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది. ఈ పద్ధతిలోనూ ముందుగా పెట్టుబడి పెట్టే స్థోమతో, అప్పు పుట్టే వీలో ఉండాలి కాని, పన్ను కట్టేంత ఆదాయం లేదన్న కారణంతో ఎవరికీ సాయం ఆగిపోదు. ఇంటి ఇంధన పొదుపు దేశమంతటికీ మేలు చేసేదైనప్పుడు, దానికిచ్చే ప్రోత్సాహం ఎంత అన్నదానితో పాటు ఏ దారిలో ఎవరి చేతికి చేరుతుందన్నదీ ప్రభుత్వాలు ముందే ఆలోచించాలి; ఇల్లు బాగుచేసుకోవడానికి ఏళ్ల తరబడి కూడబెట్టే కుటుంబాలకు ఆ ప్రోత్సాహం మధ్యలో తెగిపోదన్న భరోసా కూడా కల్పించాలి.