కామెర్లు: పసరు మందు, పరీక్షలు, సరైన చికిత్స



హాస్టల్లో మీ స్నేహితుడికి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదనుకోండి. వికారం, వాంతులు, నీరసం, కొద్దిపాటి జ్వరం. ఐదో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారింది. ఇంటికి కబురు వెళ్లగానే పెద్దవాళ్లు అనే మాట మనందరికీ తెలిసిందే: "కామెర్లకు ఇంగ్లీషు మందు లేదు. ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, మూడు పూటలు తాగితే చాలు." ఈ మాటలో కొంత నిజం ఉంది. ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు కూడా ఉంది. ఆ రెండింటినీ విడదీసి చూడటమే ఈ పాఠం ఉద్దేశం.

కామెర్లు అంటే ఏమిటి?

ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. కామెర్లు ఒక వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. మన ఎర్ర రక్తకణాల జీవితకాలం సుమారు 120 రోజులు. కాలం తీరిన కణాలు విచ్ఛిన్నమైనప్పుడు వాటిలోని హిమోగ్లోబిన్ నుంచి బైలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. కాలేయం దీన్ని రక్తం నుంచి తీసుకుని, నీటిలో కరిగే రూపంలోకి మార్చి, పైత్యరసంతో పాటు పేగులోకి పంపుతుంది. మలానికి రంగు రావడానికి కారణం ఇదే.

ఆరోగ్యవంతుల రక్తంలో బైలిరుబిన్ డెసిలీటరుకు దాదాపు 1 మిల్లీగ్రాము వరకు ఉంటుంది. అది 2.5 నుంచి 3 మిల్లీగ్రాములు దాటితే కళ్లలోని తెల్లగుడ్డు పచ్చబడటం కనిపిస్తుంది.

ఈ క్రమంలో మూడు చోట్ల తేడా రావచ్చు. మొదటిది, రక్తకణాలు మితిమీరి విచ్ఛిన్నం కావడం. మలేరియాలోనూ, కొన్ని వంశపారంపర్య రక్తవ్యాధుల్లోనూ ఇలా జరుగుతుంది. రెండవది, కాలేయ కణాలే దెబ్బతినడం. వైరస్‌లు, మద్యం, కొన్ని మందులు ఇందుకు కారణాలు. మూడవది, పైత్యరసం ప్రవహించే నాళం మూసుకుపోవడం. రాళ్లు లేదా కణితి అడ్డుపడితే ఇలా అవుతుంది. అప్పుడు మలం సున్నం రంగులోకి మారుతుంది, ఒళ్లంతా దురద పుడుతుంది.

మూడు కారణాలకూ మూడు వేర్వేరు చికిత్సలు అవసరం. కాబట్టి 'కామెర్ల మందు' అనే ఒకే మందు ఏ వైద్య విధానంలోనూ ఉండే అవకాశం లేదు.

వైరస్‌ల వల్ల వచ్చే కామెర్లు

మన దేశంలో యువతీ యువకులకు వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం హెపటైటిస్ వైరస్‌ల వల్ల వచ్చేవే. ఎ, ఇ రకాలు కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వ్యాపిస్తాయి. బి, సి రకాలు రక్తం ద్వారా, శుభ్రపరచని సూదుల ద్వారా వ్యాపిస్తాయి. బి రకం లైంగిక సంబంధాల ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు కూడా సోకుతుంది.

నీరు ఎంత పని చేయగలదో చెప్పడానికి 1955-56లో ఢిల్లీలో వచ్చిన మహమ్మారి పెద్ద ఉదాహరణ. యమునా నది నుంచి నగరానికి నీరు తోడే చోట మురుగునీరు కలిసింది. కొద్ది వారాల్లోనే సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. నీటిలో క్లోరిన్ కలిపినందువల్ల టైఫాయిడ్ వంటివి అంతగా పెరగలేదు గాని, ఈ వైరస్ తప్పించుకుంది. అది ఇప్పుడు మనం హెపటైటిస్ ఇ అని పిలిచే వ్యాధి అని తర్వాతి కాలంలో తేలింది.

పసరు పనిచేసినట్లు ఎందుకు కనిపిస్తుంది?

హెపటైటిస్ ఎ, ఇ సోకినవారిలో అత్యధికులు ఏ మందూ వాడకపోయినా కొన్ని వారాల్లో కోలుకుంటారు. శరీరంలోని రోగనిరోధక శక్తి వైరస్‌ను తొలగిస్తుంది, కాలేయం తనను తాను బాగుచేసుకుంటుంది. డాక్టరు కూడా ఈ సందర్భంలో విశ్రాంతి, తగినన్ని ద్రవాలు, సయించినంత ఆహారం తీసుకోమంటారు. 'ఇంగ్లీషు మందు లేదు' అనే మాట పుట్టింది ఇక్కడే. మందు లేకపోవడం కాదు, చాలామందికి మందు అవసరం లేకపోవడం.

పసరు తాగినవారికీ తగ్గుతుంది, తాగనివారికీ తగ్గుతుంది. తాగినవారు మాత్రం ఆ ఘనతను పసరుకు ఇస్తారు. తగ్గనివారు ఆసుపత్రికి వెళ్తారు. వారి సంగతి పసరు పోసినవారి దాకా రాదు.

కొన్నిచోట్ల నాటువైద్యులు రోగి చేతులను సున్నపు తేటతో కడిగి, నీరు పసుపు రంగులోకి మారగానే "చూశారా, కామెర్లు దిగుతున్నాయి" అంటారు. దీనికి రసాయనశాస్త్రంలో సమాధానం ఉంది. ముందుగా చేతులకు మామిడి బెరడు రసం రాస్తే సున్నపు నీటిలో పసుపు రంగు వస్తుంది. కామెర్లు లేని మనిషి చేతులు కడిగినా అదే రంగు వస్తుంది.

నేల ఉసిరి చెప్పే పాఠం

అంతమాత్రాన మూలికలన్నీ పనికిరానివని తీర్మానించడం కూడా శాస్త్రీయం కాదు. ఆయుర్వేదం ఈ లక్షణాన్ని 'కామల' అనే పేరుతో ప్రాచీన కాలం నుంచే వర్ణించింది. మన పొలాల గట్ల మీద మొలిచే నేల ఉసిరిని కామెర్లకు తరతరాలుగా వాడుతున్నారు. దీన్ని శాస్త్రవేత్తలు తేలికగా కొట్టిపారేయలేదు, పరీక్షించారు.

హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్నందుకు 1976లో నోబెల్ బహుమతి పొందిన బరూచ్ బ్లమ్‌బర్గ్, మద్రాసుకు చెందిన త్యాగరాజన్ తదితరులు కలిసి 1988లో ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. హెపటైటిస్ బి వైరస్ శరీరంలో నిలిచిపోయినవారికి 30 రోజులపాటు నేల ఉసిరి పొడి ఇచ్చారు. మరో బృందానికి చూడటానికి అలాగే ఉండే ఉత్త గుళికలు ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ ఆనవాలు కనిపించలేదు. రెండో బృందంలోని 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా ఆశగా చూసింది. కానీ ఆ తర్వాత వేర్వేరు చోట్ల చేసిన పరీక్షల్లో ఇంతటి ఫలితం మళ్లీ రాలేదు.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. మందు తీసుకోని బృందంతో పోల్చి చూడనిదే ఏ మందు విలువా తెలియదు. ఒక్క అధ్యయనం సరిపోదు, మళ్లీ మళ్లీ అదే ఫలితం రావాలి. ఈ కొలబద్ద అల్లోపతికీ, ఆయుర్వేదానికీ, హోమియోకూ ఒక్కటే.

ప్రమాదం ఎక్కడుంది?

మొదటి ప్రమాదం ఆలస్యం. పిత్తనాళంలో రాయి ఉన్నవారు, మలేరియా లేదా ఎలుకల మూత్రం ద్వారా వ్యాపించే లెప్టోస్పైరోసిస్ సోకినవారు పసరుతో వారాలు గడిపితే చికిత్సకు అనువైన సమయం దాటిపోతుంది. హెపటైటిస్ బి, సి ఉన్నవారిలో కామెర్లు తగ్గినా వైరస్ మిగిలిపోయి, ఏళ్ల తర్వాత కాలేయాన్ని గట్టిపరచవచ్చు, క్యాన్సరుకు దారితీయవచ్చు.

రెండవ ప్రమాదం మందే. పసరులో ఏయే ఆకులు, ఎంత మోతాదులో ఉన్నాయో తెలియదు. అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద అది అదనపు భారం కావచ్చు. కంట్లో పసరు పిండితే కంటిపాపకు పుండు పడి చూపు పోవచ్చు. కాల్చిన కడ్డీతో వాతలు పెడితే మిగిలేది పుండు, చీము మాత్రమే.

మూడవది అతి పథ్యం. ఉప్పు, పప్పు, నూనె అన్నీ మాన్పించి వారాల తరబడి చప్పిడి తిండి పెడితే, కోలుకోవలసిన శరీరానికి పోషణ అందదు.

కొందరి విషయంలో ఒక్కరోజు కూడా ఆగకూడదు. గర్భిణులు మొదటివారు. చివరి నెలల్లో హెపటైటిస్ ఇ సోకి తీవ్రమైతే నూటికి 20 నుంచి 25 మంది వరకు మరణించవచ్చు. క్షయ మందులు వాడుతుండగా కళ్లు పచ్చబడినవారు వెంటనే తమ డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే కారణం ఆ మందులే కావచ్చు. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడిన పసిపాపను తప్పనిసరిగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పసికందుల్లో బైలిరుబిన్ బాగా పెరిగితే మెదడును దెబ్బతీస్తుంది. నీలికాంతి కింద ఉంచే చికిత్స దీన్ని నివారిస్తుంది. ఇక ఏ వయసువారిలోనైనా మగత, మాటల్లో తికమక, రక్తస్రావం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బడం కనిపిస్తే అది అత్యవసర పరిస్థితి.

ఆధునిక వైద్యం ఏమి ఇచ్చింది?

రక్తపరీక్షలు, అల్ట్రాసౌండ్ స్కానింగ్ ద్వారా కామెర్లకు కారణం తెలుసుకోవచ్చు. హెపటైటిస్ సి ఉన్నవారిలో అత్యధికులకు సుమారు 12 వారాల మాత్రలతో పూర్తిగా నయమవుతుంది. హెపటైటిస్ బి వైరస్‌ను మందులతో అదుపులో ఉంచవచ్చు. 2018లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో వీటి పరీక్షలు, మందులు ఉచితం.

అన్నిటికన్నా మేలైనది హెపటైటిస్ బి టీకా. ఖరీదైన విదేశీ టీకాకు బదులుగా, హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయంగా తయారుచేసిన టీకాను విడుదల చేయడంతో ధర సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. నేడు బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి మోతాదు ఇస్తారు. ఈ తొందరకు కారణం ఉంది. పుట్టుకలో ఈ వైరస్ సోకిన శిశువుల్లో 90 శాతం మందికి అది శాశ్వతంగా నిలిచిపోతుంది. పెద్దల్లో అలా జరిగేది 5 శాతం కంటే తక్కువ మందిలోనే.

గుర్తుంచుకోవలసినవి

కళ్లు పచ్చబడితే మొదట రక్తపరీక్ష, తర్వాతే ఏ మందైనా. ఆయుర్వేదం మీద నమ్మకం ఉన్నవారు అర్హత పొందిన, రిజిస్టరైన వైద్యుణ్నే కలవాలి, పరీక్షల కాగితాలు చూపించాలి, వాడుతున్న మూలికల సంగతి డాక్టరు దగ్గర దాచకూడదు. మద్యం తాగకూడదు. జ్వరం మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. నీరు కాచి చల్లార్చి తాగాలి, భోజనానికి ముందు, మలవిసర్జన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

రేపు మీ ఇంట్లోనో, హాస్టల్లోనో ఎవరికైనా కామెర్లు వస్తే పెద్దవాళ్లతో వాదనకు దిగనవసరం లేదు. "పసరు సంగతి తర్వాత చూద్దాం, ముందు రక్తపరీక్ష చేయిద్దాం" అని ఒప్పించగలిగితే, మీరు ఒక ప్రాణాన్ని కాపాడినవారు కావచ్చు.